మొక్కజొన్న లేని తాండ్ర: చిత్తూరు యూనిట్‌లో దాదాపు రెండేళ్ల కేసు

2024 ఫిబ్రవరిలో చిత్తూరు నుంచి ఫోన్. మామిడి తాండ్ర, జామ్ చేసే చిన్న యూనిట్. భార్యాభర్తలిద్దరూ నడుపుతారు, పనివాళ్లు పదకొండు మంది. నేను తిరుపతిలో ఉంటూ ఇలాంటి యూనిట్లకు తయారీ విషయంలో సలహాలిస్తుంటాను. అంతకుముందు తొమ్మిదేళ్లు పల్ప్ ఫ్యాక్టరీల్లో క్వాలిటీ పని చూశాను. మామూలుగా నాకొచ్చే ఫోన్లన్నీ ఒకే రకం. బూజు పట్టింది, రంగు మారింది, లైసెన్స్ రెన్యువల్ ఆగింది. ఈయన అడిగింది వేరు.

“మేడం, మా తాండ్రలో ఆ మొక్కజొన్న పాకం వేస్తా ఉండాం కదా. అది తీసేయాల. ఎట్లా తీయాలో చెప్పండి చాలు.”

ఎందుకని అడిగితే రెండు కారణాలు చెప్పారు. ఆ మధ్య కడుపు నొప్పికి స్కాన్ చేయిస్తే లివర్‌కి కొవ్వు పట్టిందని తేలింది. అప్పటినుంచి రాత్రిళ్లు అమెరికా వాళ్ల వీడియోలు చూసి చూసి, అన్ని జబ్బులకూ మూలం కార్న్ సిరప్పేనని తేల్చుకున్నారు. రెండోది డబ్బు. ఆయన మొక్కజొన్న పాకం అంటున్నది లిక్విడ్ గ్లూకోజ్. దాని సప్లయర్ సరిగ్గా అప్పుడే రేటు పెంచాడు. “ఇథనాల్ ఫ్యాక్టరీలోళ్లు మొక్కజొన్నంతా కొనేస్తా ఉండారంట. కొననీ మేడం. మనుషుల కడుపులో పోసేదానికంటే బండికి పోసుకుంటే నయం కదా.”

ఊరి పేరు, బ్రాండ్ పేరు ఇక్కడ రాయడం లేదు. కేసు రాసుకుంటానంటే వాళ్లు పెట్టిన షరతు అదొక్కటే.

డ్రమ్ములో ఏముంది

యూనిట్‌కి వెళ్లగానే స్టోర్ రూమ్ చూశాను. లిక్విడ్ గ్లూకోజ్ డ్రమ్ము మీద ‘డీఈ 42’ అని ఉంది. ఆయన దాన్ని వేలితో చూపించి, “ఇదే కదా మేడం, 42 శాతం ఫ్రక్టోజ్ ఉండేది?” అన్నారు. తికమక ఎక్కడ మొదలైందో అప్పుడు అర్థమైంది. వీడియోల్లో లివర్‌కి చెడ్డదని తిట్లు తింటున్నది ఫ్రక్టోజ్, అంటే పండ్ల చక్కెర. అదుండే హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్‌లో 42 శాతం రకం ఒకటుంది, 55 శాతం రకం ఒకటుంది. ఈ డ్రమ్ము మీది 42 వేరు. పిండి పదార్థం ఎంతవరకు విరిగిందో చెప్పే అంకె అది. పూర్తిగా గ్లూకోజ్ అయిపోతే 100. 42 అంటే మధ్యలో ఆపేసిన సరుకు. కొంత గ్లూకోజ్, కొంత మాల్టోజ్, మిగతావి పొడవాటి గొలుసులు. ఫ్రక్టోజ్ అసలు లేదు.

స్టార్చ్ ఫ్యాక్టరీలో మొక్కజొన్నను కాస్త సల్ఫర్ డయాక్సైడ్ కలిపిన వేడి నీళ్లలో, సుమారు 50 డిగ్రీల దగ్గర, ఒకటిన్నర రెండు రోజులు నానబెడతారు. మొలక భాగం నూనెకి పోతుంది, పొట్టు, గ్లూటెన్ దాణాకి పోతాయి. మిగిలిన స్టార్చ్‌ని ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ ముక్కలు చేస్తే, గ్లూకోఅమైలేజ్ ఆ ముక్కల్ని గ్లూకోజ్ దాకా తెస్తుంది. ఇథనాల్ ఫ్యాక్టరీల్లో ఎక్కువగా గింజను నానబెట్టకుండా పిండి కొట్టేస్తారు గానీ, వాడే ఎంజైములు అవే రెండు. గ్లూకోజ్ దగ్గరికొచ్చాక దారులు చీలతాయి. ఈస్ట్ వేస్తే ఆల్కహాల్ వస్తుంది. గ్లూకోజ్ ఐసోమరేజ్ అనే మూడో ఎంజైమ్ గుండా పంపితే గ్లూకోజ్‌లో కొంత భాగం ఫ్రక్టోజ్‌గా మారుతుంది. అమెరికా గొడవంతా ఈ రెండో దారి గురించి.

అక్కడ చక్కెర దిగుమతికి కోటాలు పెట్టి ధర ఎక్కువగా ఉంచారు, మొక్కజొన్నేమో చవక. 1984లో కోక్, పెప్సీ రెండూ ఆ దేశంలో ఈ సిరప్‌కి మారిపోయాయి. మన దగ్గర చెరుకుంది. అంగట్లో దొరికే కూల్‌డ్రింకుల్లో ఎక్కువగా ఉండేది చక్కెరే. చక్కెరలో కూడా గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చెరి సగం జతగా ఉంటాయి, పేగుల్లోకి వెళ్లాక ఆ జత విడిపోతుంది. యాభైకి, యాభై అయిదుకి తేడా లివర్‌కి పెద్దగా పట్టదు. ఎన్ని సీసాలు తాగామన్నదే దానికి లెక్క. ఆయన రోజుకు రెండు సీసాలు తాగేవారని తర్వాత వాళ్లావిడ చెప్పింది.

ఇదంతా ఓపిగ్గా విన్నారు. “సరే మేడం. అయినా తీసేద్దాం. కవర్ మీద ‘నో కార్న్ సిరప్’ అని వేస్తే బెంగళూరోళ్లు ఎగబడి కొంటారు.” నేను కాదనలేదు. కాదని ఉండాల్సింది.

మొదటి ట్రయల్: పలుకు కట్టింది

పాత లెక్క ఇది. తోతాపురి పల్ప్ 100 కిలోలు, అది 15 బ్రిక్స్, అంటే నూటికి పదిహేను వంతులు కరిగిన ఘనపదార్థం, కాబట్టి పండు ఘనపదార్థం 15 కిలోలు. చక్కెర 15 కిలోలు. లిక్విడ్ గ్లూకోజ్ 8 కిలోలు, అందులో నీళ్లు పోను ఆరున్నర. కాస్త పెక్టిన్, సిట్రిక్ యాసిడ్. ట్రేల్లో పోసి డ్రయ్యర్‌లో ఆరబెడితే సుమారు 45 కిలోల తాండ్ర. రోజుకొక బ్యాచ్.

గ్లూకోజ్ తీసేసి, దాని బదులు ఆరున్నర కిలోల చక్కెర వేశాం. మొదటి రెండు వారాలు చూడ్డానికి బాగానే ఉంది. పంతొమ్మిదో రోజు అంచుల్లో తెల్లటి చుక్కలు వచ్చాయి, నెల తిరిగేసరికి కొరికితే ఇసుక నమిలినట్టుంది. శ్రీవారి లడ్డూలో కలకండ పంటికి తగిలితే కళ్లకద్దుకుని తింటాం. అదే పలుకు తాండ్రలో తగిలితే పాకెట్ వెనక్కొస్తుంది.

కారణం కొత్తదేమీ కాదు. నీళ్లు తగ్గేకొద్దీ చక్కెర అణువులు ఒకదాని పక్కన ఒకటి వరసగా కూర్చుని స్ఫటికాలవుతాయి. మధ్యలో వేరే ఆకారం అణువులుంటే ఆ వరస కుదరదు. లిక్విడ్ గ్లూకోజ్ అక్కడ చేస్తున్న పని ముఖ్యంగా ఇదే. తీపి దాని రెండో పని, అదీ చక్కెర కంటే తక్కువ తీపి. చిన్న యూనిట్ల వాళ్లు చాలామంది దాన్ని చవక చక్కెర అనుకుని వాడతారు. చవక మాట నిజమే, కానీ తీసేస్తే ఏం పోతుందో తీసేదాకా తెలియదు.

రెండో ట్రయల్: నిమ్మకాయ చిట్కా

దీనికి ఇళ్లల్లో అందరికీ తెలిసిన వైద్యం ఉంది. పాకం పలుకు తిరగకుండా నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతాం కదా. ఆ పులుపు, ఆ వేడి కలిసి చక్కెర జతను విడగొడతాయి. విడిపోయిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ మిగతా చక్కెరను పలుకు కట్టనివ్వవు. ఫ్యాక్టరీ భాషలో దాన్ని ఇన్వర్ట్ సిరప్ అంటారు. మొత్తం చక్కెర ఇరవై ఒకటిన్నర కిలోల్లో 12 కిలోలను సిట్రిక్ యాసిడ్‌తో గంటకు పైగా మరిగించి ఇన్వర్ట్ చేశాం, తాండ్రలో విడిగా వేసే యాసిడ్‌ను ఆ మేరకు తగ్గించాం.

2024 మే నెల. చిత్తూరులో ఎండ 40 దాటింది. తాండ్ర అద్దంలా మెరిసింది, మెత్తగా ఉంది, ఆరు వారాలైనా పలుకు లేదు. నేనే సంతకం పెట్టి సరే అన్నాను. కొత్త కవర్లు అచ్చయ్యాయి, పెద్దక్షరాల్లో ‘మొక్కజొన్న సిరప్ లేదు’ అని.

అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనాలు దిగాయి. రెండో వారం నుంచి ఫోన్లు. తిరుపతి బస్టాండ్ దగ్గరి దుకాణాల్లో పెట్టిన తాండ్రకు చెమట పట్టింది. లోపలి కాగితం అతుక్కుపోయి, పీకితే సగం కాగితం తాండ్రతోనే ఉండిపోతోంది. పిల్లలు కాగితంతో సహా నాకుతున్నారని ఒక దుకాణదారుడు వీడియో తీసి పంపాడు. ఆ నెలలో పంపిన సరుకులో మూడో వంతు వెనక్కి వచ్చింది.

తప్పు నాది. ఎండాకాలంలో ట్రయల్ చేసి వానాకాలానికి హామీ ఇచ్చాను. చక్కెర గాలిలో తేమ 85 శాతం దగ్గరికి వచ్చేదాకా నీళ్లు పీల్చుకోదు. ఫ్రక్టోజ్ 60 దాటగానే మొదలుపెడుతుంది. రెండూ కలిస్తే ఇంకా ముందే. ఈ అంకెలు నాకు తెలియనివి కావు. ఒక మూసిన డబ్బాలో తేమ పెంచి వారం రోజులు తాండ్ర ముక్క ఉంచితే మేలోనే బయటపడేది. ఆ పరీక్షకు పెద్ద ఖర్చు కూడా లేదు. ఉప్పు ద్రావణం, మూత గట్టిగా పట్టే డబ్బా ఉంటే చాలు. ఇప్పుడు నా ప్రతి రిపోర్టులో ఆ పరీక్ష మొదటి పేజీలోనే ఉంటుంది.

వాళ్లావిడ నాన్నగారు చిత్తూరు పక్క పల్లెలో బెల్లం గానుగ నడిపిన మనిషి. వెనక్కొచ్చిన తాండ్రను రెండు వేళ్ల మధ్య సాగదీసి, నా వైపు చూడకుండానే అన్నారు, “కొట్టిన చెరుకు మూడు దినాలు పడేసి ఆడినట్టుండాదమ్మా. అట్లాంటి బెల్లం అచ్చు కట్టదు, కారతాది.” ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కొట్టిన చెరుకు నిలవుంటే దాంట్లోని చక్కెర తనంతట తానే విడిపోతుంది. ల్యాబ్ రిపోర్టు చెప్పినదాన్ని ఆయన వేళ్లతో చెప్పారు, ఫీజు లేకుండా.

ఆ సాయంత్రం కూర్చుని ఇంకో లెక్క వేశాం. ఇది మాత్రం యూనిట్ యజమానికి మింగుడు పడలేదు. పాత తాండ్రలో మేం కలిపినవాటిలో ఫ్రక్టోజ్ చక్కెర నుంచి వచ్చేదొక్కటే. 15 కిలోల్లో సగం, ఏడున్నర. కొత్త తాండ్రలో ఇరవై ఒకటిన్నర కిలోల చక్కెర, అంటే ఫ్రక్టోజ్ పదిన్నర దాటింది. నలభై శాతానికి పైగా పెరిగింది. ఏ ఫ్రక్టోజ్‌కి భయపడి మొక్కజొన్న పాకం తీసేశామో, దాన్నే చెరుకు నుంచి తెచ్చి పోశాం. పైగా 12 కిలోలు విడగొట్టి పోశాం కాబట్టి, మేం మరిగించిన పాకం సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. వీడియోల్లోని ఆ సిరప్‌కి అన్నదమ్ముడు. కవర్ మీద రాసిన మాటలో అబద్ధం లేదు. కానీ దాన్ని చదివి కొన్న తల్లి ఏమనుకుంటుందో అది మాత్రం నిజం కాదు.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “మామిడిపండులో ఉండదా మేడం ఫ్రక్టోజ్?” అన్నారు. ఉంటుంది. పండిన మామిడిలో గ్లూకోజ్ కంటే ఫ్రక్టోజే ఎక్కువ. పండుగా తింటే పీచుతో, నీళ్లతో వస్తుంది, రెండు కాయలకే కడుపు నిండుతుంది. తాండ్రలో నీళ్లు పోతాయి కాబట్టి ఆ తేడా సగం మనమే చెరిపేస్తున్నాం. తాండ్ర అమ్మేవాళ్లు ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు గొంతు కాస్త తగ్గించాలని నాకు అనిపిస్తుంది.

బెల్లంతో మూడో ట్రయల్ కూడా చేశాం. మామగారి మాట మీద గౌరవంతో. రుచి బ్రహ్మాండం, రంగు చింతపండు. దాన్ని విడిగా బెల్లం తాండ్రగా అమ్ముకుంటున్నారు. ఇక్కడ దాని గురించి అంతకంటే అక్కర్లేదు.

బండికి పోస్తే ఎంత

డిసెంబర్‌లో రిటర్నుల లెక్క తేలాక ఆయన మళ్లీ మొదటి మాటకొచ్చారు. ఏదేమైనా మొక్కజొన్నను ఇంధనానికి వాడటమే న్యాయం కదా అని. సరే, మన యూనిట్ లెక్కే వేద్దాం అన్నాను.

నెలకు 200 కిలోల లిక్విడ్ గ్లూకోజ్ వాడేవాళ్లు. దానికి సుమారు 230 కిలోల మొక్కజొన్న కావాలి. టన్నుకు 380 లీటర్ల చొప్పున ఆ గింజలోంచి వచ్చే ఇథనాల్ 87 లీటర్లు. లీటర్ ఇథనాల్‌లో శక్తి లీటర్ పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే, అంటే 58 లీటర్ల పెట్రోల్‌తో సమానం. చిత్తూరు, తిరుపతి మధ్య తిరిగే వీళ్ల సరుకు వ్యాను నెలకు 180 లీటర్లు తాగుతుంది. అంటే యూనిట్‌లో మొక్కజొన్న పాకం మొత్తం ఆపేసి ఆ గింజను ఇంధనం చేస్తే, సొంత వ్యాను పది రోజులు నడుస్తుంది. డిస్టిలరీలో కాల్చే బొగ్గు, పొలంలో వేసే యూరియా ఈ లెక్కలో లేవు.

అమెరికాలో కూడా ఇదే తీరు. అక్కడ పండే మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా ఇప్పటికే ఇథనాల్‌కి పోతోంది. 2005లో, 2007లో చేసిన చట్టాలు పెట్రోల్‌లో ఇంత కలపాలని నిర్బంధం పెట్టాయి. దాంతో పోలిస్తే ఫ్రక్టోజ్ సిరప్‌కి పోయే గింజ పదో వంతు కూడా ఉండదు. ఆ సిరప్ రేపు పూర్తిగా ఆపేసినా బంకుల్లో పెద్ద తేడా కనిపించదు.

మన దేశంలో మొక్కజొన్న ఇథనాల్ వైపు మలుపు సరిగ్గా ఈ కేసు మొదలైన రోజుల్లోనే జరిగింది. వానలు తగ్గి చెరుకు మీద భయం పట్టుకున్నాక, 2023 డిసెంబర్‌లో కేంద్రం చెరుకు రసంతో ఇథనాల్ చేయడాన్ని కట్టడి చేసింది. 2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్ కొనుగోలు ధర లీటరు 71 రూపాయల 86 పైసలకు పెరిగింది. వీళ్ల సప్లయర్ రేటు పెంచింది ఆ తర్వాతి నెలే. అంతకుముందు మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్ల నుంచి తెచ్చుకుంది. 2024-25 ఇథనాల్ సరఫరా సంవత్సరంలో ముడిసరుకుల్లో మొక్కజొన్నదే మొదటి స్థానం. మొక్కజొన్న రైతుకు చాలా ఏళ్ల తర్వాత మంచి ధర కనిపించింది, అది కాదనను. కానీ కోడి దాణాలో సగానికి పైగా ఉండేది అదే గింజ. బండికి పోయగా మిగిలింది కడుపు దగ్గరికే వస్తుంది, కాకపోతే గుడ్డు రేటు రూపంలో.

ఈ మాటలు జరుగుతుండగా ఆయన బామ్మర్ది అక్కడే ఉన్నాడు. పలమనేరు వైపు పద్నాలుగు సీమావులు పెట్టుకున్నాడు. “మా డీలర్ ఇథనాల్ ఫ్యాక్టరీ దాణా అని కొత్తది తెచ్చినాడు మేడం, పిండికంటే చవక. పెట్టొచ్చునా?” అని అడిగాడు. డీడీజీఎస్ అంటారు దాన్ని. స్టార్చ్ అంతా ఆల్కహాల్‌గా పోయాక మిగిలే పొడి, టన్ను గింజకు 300 కిలోల దాకా వస్తుంది. గింజలో స్టార్చ్ మూడింట రెండు వంతులు కాబట్టి, అది పోగానే మిగిలినవన్నీ సుమారు మూడింతలు చిక్కబడతాయి. ప్రోటీన్ 9 నుంచి 27 శాతం దాకా పెరుగుతుంది, అది లాభం. గింజకు బూజు పట్టి ఉంటే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం కూడా అలాగే మూడింతలవుతుంది. ఆవు తిన్న ఆ విషం పాలలోకి అఫ్లటాక్సిన్ ఎం1 అనే రూపంలో దిగుతుంది. పాలలో దానికి మన ఆహార భద్రతా ప్రమాణాల పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. ల్యాబ్ రిపోర్టు లేకుండా మూట విప్పొద్దన్నాను. డీలర్‌ను రిపోర్టు అడిగితే ఆ మనిషి మళ్లీ రాలేదట.

చివరికి కుదిరిన రెసిపీ

2025 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ప్రశ్న మార్చాను. మొక్కజొన్నను ఎలా తీయాలని కాకుండా, కలిపే తీపి మొత్తాన్ని ఎంత తగ్గించగలమని.

15 బ్రిక్స్ పల్ప్ బదులు 28 బ్రిక్స్ కాన్సంట్రేట్ 75 కిలోలు తీసుకున్నాం. పండు ఘనపదార్థం 15 నుంచి 21 కిలోలకు పెరిగింది. చక్కెర 11 కిలోలు. లిక్విడ్ గ్లూకోజ్ 4 కిలోలు, అవును, మళ్లీ డ్రమ్ము తెరిచాం. ఆ నాలుగు కిలోలు లేకుండా చేసిన ట్రేలో ఇరవై ఆరో రోజు పలుకు కనిపించింది, ఉన్న ట్రేలో కనిపించలేదు. కలిపిన తీపి మొత్తం ఘనంగా చూస్తే ఇరవై ఒకటిన్నర నుంచి 14 కిలోల చిల్లరకు, మూడో వంతు తగ్గింది. కలిపినవాటి నుంచి వచ్చే ఫ్రక్టోజ్ అయిదున్నర కిలోలు. నీళ్లు తక్కువ కాబట్టి డ్రయ్యర్ గంటలు కూడా తగ్గాయి. తోతాపురి పులుపు ఎక్కువైందని పనివాళ్లు మొహం చిట్లిస్తే పదో వంతు బేనిషా పల్ప్ కలిపాం.

ఖర్చు కలిసిరావడానికి ఇంకో కారణం ఉంది, అది చెప్పడం అంత సంతోషంగా లేదు. ఆ సీజన్‌లో తోతాపురి ధర పడిపోయింది. ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరి నిలబడ్డాయి. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలివ్వాలి, మిగతా 4 రూపాయలు తానిస్తానని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. కాన్సంట్రేట్ మాకు అందుబాటు రేటుకు దొరికింది అందుకే. మామిడి ధర కోలుకున్న ఏడాది ఈ రెసిపీకి లాభం ఎంత మిగులుతుందో అప్పుడు మళ్లీ లెక్క వేయాలి.

కవర్ విషయంలో పెద్ద గొడవే అయింది. ఉన్న కవర్లు అయిపోయేదాకా వాడదామని ఆయన, కుదరదని నేను. గ్లూకోజ్ వేసి ‘లేదు’ అని రాయడం తప్పుడు లేబుల్ అవుతుంది. చివరికి వాళ్లావిడే నిర్ణయం చేసింది. పాత కవర్లు కట్టలు కట్టించి పాత కాగితాలవాడికి వేయించింది. కొత్త కవర్ మీద గొప్పలు లేవు. పదార్థాల వరసలో లిక్విడ్ గ్లూకోజ్ పేరుంది, పోషకాల పట్టికలో కలిపిన చక్కెరలు ఎంతో ఉంది. బెంగళూరు ఆర్డర్ ఒకటి పోయింది. ఆయన ఇప్పటికీ దాన్ని గుర్తు చేస్తుంటారు. కూల్‌డ్రింక్ సీసాలు మాత్రం మానేశారు.

తేమ డబ్బా పరీక్ష ఈసారి ముందే పాసైంది. అయినా నవంబర్ వానలు వచ్చేదాకా నాకు టెన్షన్ తగ్గలేదు. వాన పట్టిన రెండో రోజు యూనిట్‌కి వెళితే మామగారు గొడుగు దులుపుకుంటూ వచ్చారు. ట్రేలోంచి చుట్టిన తాండ్ర ఒకటి తీసి, చొక్కా జేబులో వేసుకుని, టీ తాగి, ఆ జల్లులోనే పల్లెకు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు.

“రాత్రంతా జేబులోనే ఉండె. కాయితం ఊడొచ్చిందమ్మా.”